గోడల్లేని బందెలదొడ్డి

మొన్న కామారెడ్డిలో నా స్కూటరును బందె పెట్టిన్రు.

తప్పు నాదే. పండ్ల బండికి, చెప్పుల దుకాణానికి నడుమ స్కూటరు ఇరికించి, కండ్లద్దాల దుకాణంలోకి పోయిన. నా చూపుకు తగ్గ అద్దాలు దొరికేసరికి, వాటితోని చూద్దామంటే బయట స్కూటరు లేదు. పండ్లాయన "ఎత్తుకపోయిన్రన్నా, లారీల" అని, ఏదో ఉత్సవ విగ్రహం ఊరేగింపు పోయినట్టు చెప్పిండు. ఉరుకుతూ పోయి చూస్తే ఠాణా వెనుక జాగలో లక్ష బండ్లున్నయి. లక్ష లేకపోవచ్చు, కానీ కొత్త అద్దాల్లో నాకు లక్షే కనబడ్డయి. అన్నీ ముందటి చక్రాలు ఒక్క దిక్కే వంచుకొని, తలలు దించుకొని నిలబడ్డయి. నా స్కూటరు నన్ను చూసి మొహం తిప్పుకున్నదంటే మీరు నమ్మరు. నమ్మకండి. కానీ తిప్పుకున్నది.

గేటు కాడ పోలీసాయన "ఏది నీది?" అంటే, "గా మూలకున్నది సారు, ఎన్నడు గిట్ల పోదు, మంచిదే" అన్న. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసిండు. అప్పటికే నా మనసు కామారెడ్డిలో లేదు. ఎల్లారెడ్డి దాటి మా ఊర్లో, ఒక ఆకుపచ్చ ఇనుప గేటు ముందు నిలబడ్డది. ఆ గేటు కాడ ఒక ముసలాయన, రోకలికి తమ్ముడంత తాళంచెవి పట్టుకొని, "ఏం తిన్నది?" అని అడుగుతున్నడు.

ఆయనను ఊరంతా చిచ్చా అనేది. పేరు ఉండే ఉంటది, కానీ అది ఆయనకు కూడ పనిపడలేదు. సొంత చిచ్చాలున్నోళ్లు వాళ్లను "మా ఇంటి చిచ్చా" అని వేరే చెప్పుకోవాల్సి వచ్చేది. ఉత్త చిచ్చా అంటే బందెలదొడ్డి చిచ్చానే. పోయినేడు చలికాలంలో పోయిండు.

ఇప్పటి పిల్లలకు బందెలదొడ్డి అంటే చెప్పాలె. ఒకరి గొడ్డు ఇంకొకరి చేన్ల పడి మేస్తే, చేను ఆసామి దాన్ని తోలుకొచ్చి పంచాయితీ దొడ్డిల అప్పజెప్పుతడు. గొడ్డు ఆసామి వచ్చి, తప్పైందని ఒప్పుకొని, విడిపించుకొని పోతడు. నడుమ తాళం వేసేది, తీసేది చిచ్చా.

ఆ దొడ్డికి ఒకప్పుడు మూడు దిక్కుల గోడలు, నాలుగో దిక్కు గేటు. ఉత్తరం గోడ ఒక పెద్దవానకు పడ్డది. పడమటి గోడ ఊరి అభివృద్ధిల కలిసిపోయింది, అంటే నలుగురి ఇండ్ల ముందట మెట్లయింది. దక్షిణం గోడ మా ఇంటి దిక్కుండేది. దాని సంగతి నేను చెప్పను. మా బాయి చుట్టు రాతి ఒర మాత్రం చాన గట్టిగ ఉంటది. ఇగ మిగిలింది గేటు. దానికి చిచ్చా ప్రతి ఏడు రంజానుకు ముందు ఆకుపచ్చ రంగు వేసేది, బందులకు నూనె పోసేది, పొద్దున తీసేది, మాపున తాళం పెట్టేది.

అట్లని గోడలు లేని దిక్కు నుంచి ఎవరన్న లోపల కాలు పెడితే ఊకునేటోడు కాదు.

"ఏయ్! గేటులకెల్లి రా!"

"గోడలేవి చిచ్చా?"

"గోడ పడిపోయింది గని, పోయిందా? గోడ లేకుంటే గోడ లేనట్టేనా?"

మా అత్త ఒకసారి బస్సు దిగి, దగ్గరి తొవ్వ అని ఆ దొడ్డిల నుంచి అడ్డంబడి మా ఇంటికి వస్తున్నది. చిచ్చా ఆపిండు. మర్యాదగ వెనుకకు పంపిండు, తాళం తీసిండు, "రా చెల్లె" అని గేటులకెల్లి లోపలికి పిలిచిండు. లోపలికి వచ్చినంక ఇటు మా ఇంటి దిక్కు పోదామంటే ఇటు గోడ ఉన్నదాయె. అంటే లేదు, కానీ ఉన్నది. ఆమె మళ్ల అదే గేటులకెల్లి బయటపడి, ఊరు మొత్తం చుట్టి, చెమటలు కక్కుతూ మా ఇంటికొచ్చింది. ఆ కోపం చిచ్చా మీద కాదు, ఇప్పటికీ నా మీదనే ఉన్నది. కొన్నాళ్లకు ఊర్ల కుక్కలు కూడ గేటు తెరిచేదాక ఆగి లోపలికి పోవుడు నేర్చుకున్నయి. కోళ్లు మాత్రం వినలేదు. కోళ్ల తోని ఆయనకు చివరిదాక పడలేదు.

పంచాయితీ ఆయనను ఎన్నడో మరిచిపోయింది. సర్పంచులు మారిన్రు, జిల్లా మారింది, మా మండలం నిజామాబాదు నుంచి కామారెడ్డి కిందికి వచ్చింది. ఇల్లు గడిచేది కొడుకు పంచరు దుకాణం మీద. "ఇంకా ఎందుకు చిచ్చా గీ కొలువు?" అంటే, "నిన్ను తీసేసినం అని ఎవలన్న అన్నరా? అనలే. అనకుంట నేనెట్ల పోత? గేటు ఏమనుకుంటది?" అనేది.

బందె కేసు రాంగనే తప్పెవరిదని అడిగేటోడు కాదు. "ఏం తిన్నది?" ఇదే మొదటి మాట. తిన్నదాన్ని బట్టే నేరం. గట్టు పొంట గడ్డి తింటే ఆకలి. చేను నడిమిట్ల పడి తింటే పొగరు. చిగుర్లు కొరికి ముదురాకులు ఇడిసిపెడితే షోకు. ఆకలికి మాఫీ ఉన్నది, పొగరుకు నాలుగు తిట్లున్నయి, షోకుకు మాత్రం మాఫీ లేదు. మా బర్రె ఒకసారి పక్కింటి ఆనిగెపు పందిరి మీద, అదే సొరతీగ మీద, పడ్డది. మా అమ్మ విడిపియ్య పోతే చిచ్చా ఆ పందిరి మొత్తం కండ్లతోని ఏరి చూసి, తల ఊపిండు.

"ఆకలి కాదు చెల్లె. షోకు."

"మా ఇంట్ల అందరికి గదే రోగమన్నా. నా కొడుకును చూడు, ఇస్త్రీ అంగి లేంది దొడ్డికి కూడ పోడు" అన్నది మా అమ్మ. బర్రెను విడిపించింది గని నా పరువు అక్కడనే కట్టేసొచ్చింది.

తీర్పు చెప్పేముందర ఇంకొక అలవాటు. నెత్తి మీది తెల్ల టోపీ తీసేది. దాని లోపలికి చూసేది. ఖురాను చట్టం, ఇంగ్లీషోని చట్టం, నిజాము ఫర్మానా అన్నీ ఆ టోపీ అడుగున కుట్టిపెట్టినట్టు, కనుబొమ్మలు ముడిచి బాగ చదివి, మళ్ల నెత్తిన పెట్టుకునేది. టోపీ నెత్తికెక్కినంక చెప్పిన మాటకు అప్పీలు లేదు.

ఒక్కసారి మాత్రం ఆ టోపీలో కూడ జవాబు దొరకలేదు. అది గొర్రెల కేసు.

కామారెడ్డిల కాపురముండే ఒక సారు, కొలువు దిగినంక మా ఊరి శివారుల ఎకరం భూమి కొన్నడు. ఆ చేన్ల గడ్డిపోచ మొలవకముందే ఇనుప స్తంభం మొలిచింది. స్తంభానికి కెమెరా, కెమెరా కింద సోలారు లైటు. సారు కామారెడ్డిల సోఫా మీద కూసొని ఫోన్ల తన ఖాళీ చేను చూసుకునేది. ఇంట్ల పిల్లలు బొమ్మల సినిమా పెట్టుమని ఏడ్చినా పెట్టేటోడు కాదట. ఖాళీ చేన్ల ఏమైతది? ఏం కాదు. ఏం కావట్లేదని చూసుకునుడే ఆయన సంతోషం.

ఆ చేను పక్కన నర్సవ్వ చేను. నడుమ గట్టు ఒకప్పుడు ఎడ్లబండి పోయేంత ఉండేదట. ఏడాదికింత ఇటు చెక్కి, ఏడాదికింత అటు చెక్కి, ఇప్పుడు పాము పోవాలన్నా పక్కకు ఒరిగి పోవాలె. నర్సవ్వ ఆ ఎండకాలం పిట్లం దిక్కు గొల్ల మల్లయ్యతోని మంద మాట్లాడుకున్నది. మంద పెట్టించుడంటే, చేన్లు ఖాళీగ ఉన్నప్పుడు గొర్రెలను రాత్రిపూట చేన్ల పండుకోబెడ్తరు. వాటి పెంటికలు, మూత్రం భూమికి బలం. అందుకు రైతు పంట మీద ఇన్ని వడ్లిస్తడు. మంద ఉన్నన్ని దినాలు గొల్లాయనకు బువ్వ, మంద కాడికి కుక్కలు రాకుండ దీపం, రెండూ రైతే చూసుకోవాలె. గిది కాగితం మీద లేని ఒప్పందం. కాగితం మీద లేదు గనుకనే తాతల కాలం నుంచి నడుస్తున్నది.

సారు ఏదో పెండ్లికి పోయి వచ్చి, ఒకనాడు తెల్లారంగ ఫోను తీసి చేను చూసుకున్నడు. తెర మొత్తం తెల్లగ ఉన్నది. ఫోను ఖరాబైందనుకొని లుంగీతోని తుడిసిండు. తుడుస్తుంటే ఆ తెల్లదనం లేచి నిలబడ్డది. ఒళ్లు దులుపుకున్నది. అప్పుడు సారుకు తెలిసింది, తన ఖాళీ చేను ఖాళీగ లేదని.

కారుల ఎట్ల ఎగిరొచ్చిండో ఎగిరొచ్చిండు. మల్లయ్య అప్పుడే బువ్వ తెచ్చుకునేటందుకు నర్సవ్వ ఇంటికి పోయిండు. గొర్రె పిల్లలు నర్సవ్వ చేన్ల యాపచెట్టు కింద వేరే వలలో ఉన్నయి. పొద్దున, మాపున తల్లులను వాటి కాడికి విడుస్తరు, అప్పుడే తాగుతయి. ఆ పొద్దటి పాలు ఇంకా తాగనే లేదు. సారు ఒక ట్రాక్టరు డ్రైవరును పట్టుకొని, మంద పొట్టేలు మెడకు తాడు వేయించిండు. ఆ పొట్టేలు కొమ్ములు ఎంతున్నయంటే, దాని వెనుక నడిచేటోనికి ఊరు కనబడదు. పొట్టేలు నడిచింది. పొట్టేలు వెనుక మంద నడిచింది. మంద వెనుక కారు నడిచింది.

నేను మా ఇంటి మెట్ల మీద చాయ తాగుతున్న. బందెలదొడ్డి కాడ కారు ఆగింది.

"పెద్దాయనా, పశువుల దొడ్డి అధికారి మీరేనా?" అన్నడు సారు. ఆయనకు ఫోన్ల ఏదో పాతకాలపు బందె చట్టం దొరికిందట. "చట్ట ప్రకారం అప్పజెప్తున్నా. నా భూమిలో అక్రమ ప్రవేశం."

అధికారి! చిచ్చా మొహం పెండ్లికొడుకు మొహమయింది. ఇన్నేండ్లకు ఒక మనిషి చట్ట ప్రకారం వచ్చిండు. ఇంట్లకు ఉరికి, ఆ మండుటెండల తన నికా నాటి షేర్వాణీ తొడుక్కొని వచ్చిండు. బొత్తాలు పట్టలేదు. పట్టనియ్యి అన్నట్టు ఊపిరి బిగపట్టిండు.

అప్పటికే గొర్రెలు గోడ లేని దిక్కు నుంచి లోపలికి దిగుతున్నయి.

"ఆపు! అన్నీ బయటికి! గేటులకెల్లి రావాలె!"

సారు, డ్రైవరు, నేను, ముగ్గురం మందను బయటికి తోలి, మళ్ల ఆ ఆకుపచ్చ గేటులకెల్లి ఒక్కొక్కటిగ లోపలికి పంపినం. చివరి గొర్రె లోపలికి వచ్చేసరికి మొదటి గొర్రె ముసలిదయింది. పొట్టేలును గేటు స్తంభానికి కట్టిన్రు. అది కదలకుంటే మంద కదలదు. చిచ్చా తాళం వేసిండు, గుంజి చూసిండు, సారుకు ఉన్న ఒక్క కుర్చీ వేసిండు, నా దిక్కు తిరిగిండు.

"బేటా, నువ్వు గవాయి. చాయ తెప్పియ్యి."

సాక్షి అన్నోడు చాయ తెప్పియ్యాలని ఏ చట్టంల ఉన్నదో నేను అడగలే.

"ఇగ చెప్పు సారు. ఏం తిన్నయి?"

"తినడానికి అక్కడ ఏముంది? నేనింకా ఏం వేయలేదు."

"ఏం తినలే?"

"తినలేదు. కానీ పడుకున్నయి. పెంటికలు వేసినయి. చేను నిండా వేసినయి!"

చిచ్చా టోపీ తీసిండు. లోపలికి చూసిండు. ఎనుకకు తిప్పి చూసిండు. ఆయన కొలువు మొత్తంల తిని పోయిన గొడ్లే గని, పెట్టిపోయిన గొడ్లు రాలేదు. ఇంట్లకు దొంగ జొచ్చి, గుమ్మిల వడ్లు పోసి పోయిండని ఫిర్యాదు వస్తే ఏం రాయాలె? టోపీ మళ్ల నెత్తిన పెట్టుకున్నడు గని ఏం చెప్పలేదు. మా ఊరి చరిత్రల అట్ల ఎన్నడు కాలేదు.

అప్పుడే మల్లయ్య ఉరికొచ్చిండు, భుజం మీద ఒక గొర్రెపిల్ల. ఆయన వెనుకనే నర్సవ్వ, నెత్తి మీద ఖాళీ గంప, చేతిల చీపురు.

"బాంచెన్ చిచ్చా, తల్లులను ఇడువు. పిల్లలు పొద్దటి సంది తాగలే. ఎండకు నాలికలు బయటపెడ్తున్నయి" అన్నడు మల్లయ్య.

"ఇడువొద్దు" అన్నడు సారు. "తేలేదాకా ఒక్కటి లోపలికి పోవద్దు, ఒక్కటి బయటికి రావద్దు. సాక్ష్యం తారుమారైతది."

భుజం మీది పిల్ల "మే" అన్నది. లోపల నుంచి ఒక తల్లి "మ్యా" అన్నది. పిల్ల మళ్ల అన్నది. తల్లి మళ్ల అన్నది. సారు వకీలు లెక్క ఏదో చదవబోయినప్పుడల్లా ఇవి రెండు నడుమ అందుకునేటివి. మల్లయ్య ఆ పిల్ల మూతికి చేతి వేలు అందిచ్చిండు. అది వేలును గుంజి గుంజి చూసి, మోసమని తెలిసి, ఇంకా గట్టిగ అరిసింది.

నర్సవ్వ బాధ వేరే. "పిల్లల సంగతి తర్వాత. ముందుగాల నా ఎరువు నాకు గావాలె! ఇన్ని దినాలు గీ మల్లిగానికి జొన్నరొట్టెలు కాల్చి పెట్టిన. తోడుకు పచ్చిపులుసు. తిన్నది నా రొట్టె, పెంటికలేమో గీ సారు చేన్లనా? నేను ఊడ్సుకపోత."

"నా భూమిలో కాలు పెడితే నీమీద కూడ కేసే" అన్నడు సారు.

"నీ భూమి నాకెందుకయ్యా? నా పెంటికలు నాకియ్యి!"

"పెంటికలు ఊడ్సుకపోతవ్, మంచిదే" అన్నడు చిచ్చా నిదానంగ. "మరి ఉచ్చ ఎట్ల ఎత్తుకపోతవ్?"

నర్సవ్వ గంప దిక్కు చూసుకున్నది. ఆ ప్రశ్నకు జవాబు నాకు వానకాలంల దొరికింది. సారు ఏం విత్తలేదు, కానీ ఆ ఎకరంల గడ్డి కెమెరా ఎత్తు లేచింది. సారు ఫోన్ల నెల రోజులు పచ్చరంగు తప్ప ఇంకేం కనబడలేదట.

"అసలు అటెందుకు పెట్టినవ్ మల్లయ్యా మందను?" అన్నడు చిచ్చా. "గట్టు కనబడలేదా?"

"గట్టు నాకు పొద్దుగాల కూడ కనబడలే చిచ్చా, గంత సన్నగుంటే. మాపటికి మంద తోలుకొచ్చిన. చేన్ల దీపముంటే మంద ఆడనే పెట్టుడు మా ఆనవాయితీ. చూస్తే పెద్ద దీపం! నా ఆయుష్షుల గసొంటి దీపం చూడలే. కుక్క కాదు, దోమ కూడ రాలే. నర్సవ్వ ఎంత మంచి రైతని మా ఇంటిదానికి ఫోన్ల చెప్పిన గూడ."

అందరం నర్సవ్వ దిక్కు చూసినం. నర్సవ్వ చీపురు దిక్కు చూసింది.

"నువ్వు దీపం పెట్టలేదా నర్సవ్వా?"

"బువ్వ పెట్టిన గద చిచ్చా… చార్జింగు లైటు మా పిల్ల అత్తగారింటికి కొంచపోయింది… వెన్నెల ఉన్నది గదా అనుకున్న."

"ఎవరి దీపం?" అని సారు లేచి నిలబడ్డడు. "అది నా లైటు! సోలారు లైటు! నేను పెట్టించిన!"

చిచ్చా మెల్లగ ఆయన దిక్కు తిరిగిండు. "నీదేనా?"

"నాదే!"

"ఇంకెవలన్న పెట్టిన్రేమో. యాదిచేసుకో."

"ఇంకెవరు పెడ్తరండీ? స్తంభం నాది, లైటు నాది. అంతా నాదే. ఎవరినైనా అడగండి!"

"గవాయి, విన్నవా?" అన్నడు నాతోని. విన్న అన్న. టోపీ తీసిండు. ఈసారి ఒక్కసారే చూసిండు. నెత్తిన పెట్టుకున్నడు.

"చేన్ల దీపం పెట్టినోడు మందను పిలిచినోడు. దీపం సారుది. మందను పిలిచింది సారు. పిలిస్తే వచ్చిన చుట్టం మీద బందె కేసు లేదు. ఇగ ఆ రాత్రుల బువ్వ కూడ సారే పెట్టాలె. నర్సవ్వ రొట్టెలు సారు మీద బాకీ."

"జొన్నరొట్టెలు" అన్నది నర్సవ్వ వెంటనే. "మక్కరొట్టె తెస్తే నేను తీసుకోను."

సారు మొహం ఎర్రగయి, నల్లగయి, ఆకుపచ్చ గేటు రంగు దాక పోయి ఆగింది. "నేను దీపం పెట్టింది దొంగలు రాకుండా! గొర్రెలను పిలవడానికి కాదు!"

"ఆ సంగతి గొర్రెలకు ఎట్ల తెలుస్తది సారు?"

"మీ తీర్పు నాకక్కర్లేదు. కేసు వాపసు తీసుకోను. కోర్టు దాకా పోత. గొర్రెలు ఇక్కడనే ఉంటయి!"

కుర్చీని గుంజి గేటు పక్కనే వేసుకొని కూసున్నడు. ఎండ దిగుతున్నది. మల్లయ్య భుజం మీది పిల్ల అరుపు సన్నబడ్డది. పొద్దటి సంది దాని గోలకు తల నొస్తుందనుకున్న నాకు, అది సన్నబడుడే ఎక్కువ నొచ్చింది. గోడలు లేని దొడ్డి అది. మల్లయ్య తల్చుకుంటే పొట్టేలు తాడు కోసి, ఏ దిక్కన్న తోలుకపోవచ్చు. మూడు దిక్కులున్నయి. కానీ ఆయన కండ్లు గేటు మీదనే ఉన్నయి. రేపు ఆయన చేన్ల మంది గొడ్లు పడితే, ఆయనకు కూడ ఇట్లాంటి గేటొకటి కావాలె గద.

చిచ్చా కూడ గేటు తెరువలేదు. తీర్పు తీర్పే గని, బందె పెట్టినోడు ఒప్పుకోకుంట తాళం తీసుడు ఆయన పుట్టుకల లేదు. గేటు సందులకెల్లి వంగి, ఒక్కొక్క గొర్రె పొదుగు చూసిండు. లేచి వచ్చి సారు ముందర నిలబడ్డడు.

"సారు, గొర్రెలు నీ కేసు. అవునా?"

"అవును."

"నీ చేన్ల పడ్డయి, పండుకున్నయి, పెంటికలేసినయి. ఒప్పుకున్న. వాటి పాలు నీ చేన్ల పడ్డయా?"

"పాలేంది?"

"పాలు నీ చేన్ల పడలే. పాల మీద నీ ఫిర్యాదు లేదు. అవి పిల్లల సొమ్ము. పిల్లలు నీ చేన్ల కాలు పెట్టలే, వల దాటలే. వాళ్ల సొమ్ము నేను పొద్దటి సంది నా దొడ్డిల దాచిపెట్టుకున్న. గిది నా తప్పు. నా మీద పిల్లలు కేసు పెడితే నేను ఏం చెప్పాలె?"

సారు నవ్విండో, పండ్లు కొరికిండో. "అయితే పాలు పంపించేయండి! గొర్రెలు మాత్రం నావి!"

"విన్నవా బేటా?"

"విన్న చిచ్చా."

"పాలు ఇడువుమన్నడు." తాళం తీసిండు. గేటు రెండు రెక్కలు బార్లా తెరిచిండు. పొట్టేలు తాడు విప్పుతూ దాని చెవిల గట్టిగ, సారుకు వినబడేటట్టు అన్నడు. "పాలు అప్పజెప్పి వాపసు రావాలె. జమానతు మీద ఇడుస్తున్న. మాట తప్పొద్దు."

పొట్టేలు మాట ఇచ్చిందో లేదో తెలువదు. మంద మాత్రం గాలివాన లెక్క లేచింది.

"నేను కూడ పోత! వాపసు రాకుంటే?" అని సారు కుర్చీల నుంచి దునికి వాటి వెనుక ఉరికిండు. గవాయిని గనుక నేను ఉరికిన. నర్సవ్వ గంప ఆడనే పారేసి, "దీపం! దీపం!" అనుకుంట ఇంటి దిక్కు ఉరికింది. చిచ్చా ఒక్కడే గేటు కాడ నిలబడ్డడు. దొడ్డి ఇడిసి పోయేటోడు కాదు.

యాపచెట్టు కాడ మల్లయ్య వల ఎత్తిండు. ఆ గోల నేను చెప్పలేను. ఊర్ల అన్ని పెండ్లిండ్ల బ్యాండ్లు ఒక్క గదిల పెట్టి తలుపేస్తే దానికి తమ్ముడైతదేమో. పిల్లలు తల్లుల కింద దూరినయి, మోకాళ్ల మీద కూలబడ్డయి, తోకలు గిరగిర తిప్పినయి. క్షణంల గోల మొత్తం చప్పరింపుల కిందికి దిగిపోయింది.

ఒక్క నల్లచెవి పిల్లకు మాత్రం తల్లి దొరకలేదు. పోయిన ప్రతి గొర్రె కాలితోని జాడిస్తున్నది. సారు దాన్ని ఎత్తుకున్నడు.

"మల్లయ్యా, దీని తల్లేది?"

"ఉంటది సారు. కింద పెట్టు, అదే దొరికిచ్చుకుంటది."

"ఏం దొరికిచ్చుకుంటది! అందరూ తన్నుతున్నరు దాన్ని!"

పిల్లను చంకనేసుకొని మంద మధ్యల తిరిగిండు. ఒక్కొక్క గొర్రె ముందట వంగి, పిల్ల తోకను దాని ముక్కు కాడ పెట్టి, "అమ్మా, ఇది మీదేనా? చూసి చెప్పండి" అని అడిగిండు. మాతోని పొద్దటి సంది ఒక్క మెత్తటి మాట మాట్లాడలే. గొర్రెలను మాత్రం అమ్మా అన్నడు. ప్యాంటు మోకాళ్ల దాక పెంటికలు. చివరికి చెట్టు అవతల ఒంటిగ నిలబడ్డ ఒక గొర్రె వాసన చూసి, తన్నకుండ ఆగింది. పిల్ల తల దూర్చింది. సారు ఆడనే మోకాళ్ల మీద కూలబడి, అది తాగుతుందా లేదా అని తల వంచి కిందికెల్లి చూస్తున్నడు.

నర్సవ్వ ఎవరింటి నుంచి అడుక్కొచ్చిందో, ఒక చార్జింగు లైటు తెచ్చి తన చేన్ల కర్రకు కట్టింది. సందేహం వద్దని ఇంకొకటి కూడ కట్టింది.

పొద్దు గూకుతుంటే నేను దొడ్డి కాడికి వాపసు వచ్చిన. చిచ్చా గేటు బయట కుర్చీల కూసున్నడు. షేర్వాణీ బొత్తాలన్నీ విప్పిండు. గేటుకు తాళమున్నది.

"అందరికి అందినయా పాలు?"

"అందినయి చిచ్చా."

"సారు?"

"ఆడనే ఉన్నడు. ఒక పిల్లకు తల్లిని చూపెట్టిండు. ఇప్పుడు దాని కడుపు నిండిందా లేదా అని మల్లయ్యను సతాయిస్తున్నడు."

చిచ్చా లేచి తాళం ఇంకొక్కసారి గుంజి చూసిండు. లోపల నాలుగు పెంటికలు, నర్సవ్వ పారేసిన గంప, అంతే.

"గొర్రెలు ఇగ రావు చిచ్చా. ఖాళీ దొడ్డికి తాళమెందుకు?"

"ఖాళీ అని ఎవలన్నరు? కేసు లోపల్నే ఉన్నది."

నేను గేటు సందులకెల్లి లోపలికి చూసిన. మూడు దిక్కుల గోడలు లేవు. కానీ నిజం చెప్తున్న, అది లోపల్నే ఉన్నట్టు అనిపించింది.

"మరి దాన్ని ఏం చేస్తవ్?"

చిచ్చా తాళంచెవిని భుజాన వేసుకున్నడు.

"ఏం చెయ్యను. దానికి మేత ఎయ్యను."